ముందు కుడి చక్రం డ్రమ్ము

నా చిన్నప్పుడు మా తాతయ్యకి ఒక కారు ఉండేది. కదిలేది తక్కువ, ఉండేది ఎక్కువ. మా నాన్న పుట్టకముందు కొన్న నల్ల అంబాసిడరు. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఊరి చుట్టూ పొలాలన్నీ ఒకటొకటిగా రొయ్యల చెరువులైపోయాయి, గట్ల మీద కొత్త మోటారు సైకిళ్ళు తిరుగుతున్నాయి. మా కారు మాత్రం సావిట్లో పట్టా కప్పుకుని, పెన్షను పుచ్చుకున్న హెడ్మాస్టరులా గౌరవంగా నిలబడి ఉండేది.

ఈ మధ్య మా అన్నయ్య పిల్లలు నన్ను పెద్దవాళ్ళ జాబితాలో చేర్చేసి, నీ చిన్నప్పటిది ఏదైనా చెప్పత్తా, అందులో నీతి కూడా ఉండాలి, స్కూల్లో రాయాలి అంటున్నారు. నాకింకా నలభై నిండలేదు. అయినా పెద్దరికం మనం అడిగితే వచ్చేది కాదు. నాకు తెలిసిన నీతికథ ఒక్కటే. అందులో నీతిగా ఉన్నవాళ్ళు తక్కువ, నేను వాళ్ళలో లేను.

ఆ కారుకి బ్రేకులు ఉండేవి కావు. ఉండేవని తాతయ్య అనేవారు. పెడలు తొక్కితే నేల దాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆలోచించి, తిరిగి పైకి వచ్చేది. ఈలోగా కారు తన దారిన తను పోయేది. ఊళ్ళోకి వచ్చే ముందు తాతయ్య గేరు తగ్గించి, హారన్ కొట్టి, కొట్టు అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకి తీసుకునేదాకా ఆగకుండా కొడుతూనే ఉండేవారు. అయినా ఊళ్ళో ఏ పెళ్ళికొడుకు ఊరేగాలన్నా ఆ కారే కావాలి. ఊరేగింపు నడకంత నెమ్మది కాబట్టి బ్రేకుల సంగతి బయటపడేది కాదు.

ఆ ఏడు ఊళ్ళో ఒక పెద్ద పెళ్ళి కుదిరింది. మండపం పక్క ఊళ్ళో, అంటే కారు నిజంగా రోడ్డెక్కాలి. తాతయ్య బ్రేకుల బాబాయిని పిలిపించారు.

బ్రేకుల బాబాయి అంటే మా ఊరి మెకానిక్కు. పేరు ఉండేది గానీ ఎవరూ వాడేవారు కాదు. పదిహేనేళ్ళు ఎక్కడో బస్సుల షెడ్డులో బ్రేకుల పని చేసి ఊరికి తిరిగొచ్చాడు. రోడ్డు పక్క తాటాకు పందిరి వేసుకుని దాని కింద పని చేసేవాడు. వాన పడితే పని ఆగిపోయేది, మా వైపు వాన అడిగి పడదు. అతనికి ఒక గది కావాలి. పైన రేకులు, కింద గచ్చు, తలుపుకి తాళం. అంతకు మించిన కోరిక అతనికి ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

మెయిన్ రోడ్డు మీద మాకు సరిగ్గా అలాంటి గది ఒకటి ఖాళీగా ఉండేది. ఈ కారుకి బ్రేకులు నిలబెట్టి చూపించరా, ఆ గది నీకిస్తాను, షెడ్డు పెట్టుకో అన్నారు తాతయ్య. బాబాయి పని మొదలుపెట్టక ముందే భీమవరం వెళ్ళి బోర్డు రాయించుకొచ్చేశాడు. 'ఇచ్చట కార్లకు, లారీలకు బ్రేకుల పని నమ్మకముగా చేయబడును' అని. 'నమ్మకముగా' అన్నది మాత్రం ఎర్ర రంగులో ఉండేది. ఆ బోర్డుని తడవకుండా మా సావిట్లోనే గోడకి ఆనించి, మీద న్యూస్ పేపరు కప్పాడు. రోజూ పని మొదలుపెట్టే ముందు పేపరు కొంచెం ఎత్తి చూసుకునేవాడు.

నేను అక్కడే ఉండేదాన్ని. తప్పదు, కారు నాది. "నా తర్వాత ఇది నీదేనమ్మడూ" అని తాతయ్య ఎప్పుడో ముద్దుకి ఒక మాట అన్నారు, నేను దాన్ని వీలునామా కింద తీసుకున్నాను. పీట వేసుకుని కూర్చుని పనంతా తనిఖీ చేశాను. బాబాయి కూడా నన్ను యజమాని కిందే చూసేవాడు. ఏది విప్పినా నాకు చూపించి విప్పేవాడు.

నాలుగు చక్రాలూ ఊడదీసి, లోపలి డ్రమ్ములు బయటికి తీశాడు. బ్రేకు డ్రమ్ము అంటే డప్పులాంటిది కాదు, లోతుగా ఉన్న ఇనప మూకుడు అనుకోండి. చక్రంతో పాటు తిరుగుతుంది. దాని లోపల షూలని వంపు తిరిగిన బద్దలు రెండు ఉంటాయి. పెడలు తొక్కితే అవి విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడని పట్టుకుంటాయి, కారు ఆగుతుంది. మా డ్రమ్ముల లోపలి గోడ నాగలి పోయిన చాళ్ళలా గీతలు పడిపోయి ఉంది. ఒక్కో డ్రమ్మునీ వేలికి తగిలించి వేలాడదీసి, స్పానరుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కంచు గిన్నెలా మోగింది. "పగుల్లేదండి అమ్మాయిగారు. పగిలిందయితే పెంకులా చప్పుడు చేస్తుందండి" అని నాచేత కూడా కొట్టించాడు. నాలుగింటినీ గోనెసంచిలో కట్టి సైకిలు మీద భీమవరం తీసుకెళ్ళి, లేత్ మిషన్ మీద లోపల గీయించి తీసుకొచ్చాడు. తిరిగొచ్చేసరికి అవి వెండి పళ్ళేల్లా ఉన్నాయి. నేను నా మొహం చూసుకున్నాను.

"ఇంజను గురించి అందరూ మాట్లాడతారండి. సరిగ్గా ఆగినప్పుడు మాత్రం ఎవడూ మెచ్చుకోడండి" అన్నాడు, ఎందుకో.

ఆ రోజు వెనక చక్రాల పని అయింది. ముందువి రెండూ మర్నాటికి మిగిలాయి. తెల్లారి వచ్చి చూస్తే వెండి పళ్ళేల మీద పలచగా, టీ డికాక్షన్ చల్లినట్టు తుప్పు. మా వైపు గాలిలో అంత ఉప్పు ఉంటుంది, కొత్తగా గీసిన ఇనుము ఒక్క రాత్రి ఆగలేదు. బాబాయి గరుకు కాగితం తీసుకుని కూర్చుని రెండింటినీ మళ్ళీ మొదటినుంచి రుద్దాడు. భోజనాల వేళ దాకా రుద్దుతూనే ఉన్నాడు. తర్వాత పెట్రోలు గుడ్డతో తుడిచి, ఉతికిన తువ్వాలు మీద బోర్లించి, "నేను అన్నం తినేసి వచ్చేస్తానండి. లోపలి వైపు మాత్రం ముట్టుకోకండి అమ్మాయిగారు" అని చెప్పి వెళ్ళాడు.

ఎందుకు ముట్టుకోకూడదో చెప్పలేదు. మా ఇంట్లో ముట్టుకోకూడనివి చాలా ఉండేవి. ఆవకాయ జాడీ ముట్టుకోకూడదు. దేవుడి గిన్నెలు ముట్టుకోకూడదు. మా నాయనమ్మ పూజ పూర్తయ్యేదాకా నాయనమ్మని ముట్టుకోకూడదు. వాటన్నింటికీ కారణం ఒక్కటే, మడి. స్నానం చేసి ముట్టుకుంటే ఏ గొడవా లేదు. డ్రమ్ములకి కూడా మడి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంత విలువైన వస్తువుకి ఉండటం సబబే అనుకున్నాను.

మళ్ళీ తుప్పు పడితే ఈ మనిషి మళ్ళీ పూటంతా రుద్దాలి కదా అని నాకు బెంగ. మా నాయనమ్మ అట్లపెనం కడిగాక, కత్తిపీట కడిగాక, ఇనపది ఏది కడిగినా తుప్పు పట్టకుండా చేతికి అంటీ అంటనట్టు కొబ్బరినూనె రాసి పెట్టేది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఆ బస్సుల షెడ్డులో నేర్పినట్టు లేదు. నేను వెళ్ళి తలారా స్నానం చేసి, ఉతికిన గౌను వేసుకుని, నాయనమ్మ నా జడకి రాసే నూనె సీసా తెచ్చి, ముందు కుడి చక్రం డ్రమ్ము తిప్పి, లోపల గోడంతా శ్రద్ధగా, పలచగా, మెరిసేటట్టు రాసి, మళ్ళీ బోర్లించాను. ఎడమ చక్రంది కూడా రాసేదాన్నే. ఈలోగా నాయనమ్మ అన్నానికి పిలిచింది.

ఆ రోజు నన్ను కాపాడటానికి ఆవిడ ఇంకాస్త ఆలస్యంగా పిలిచి ఉండాల్సింది. రెండింటికీ రాసి ఉంటే కారు తిన్నగానే పోయి ఉండేదేమో.

బాబాయి తిరిగొచ్చేసరికి పెళ్ళివారి మనిషి వచ్చి సావిట్లో కూర్చున్నాడు. తాతయ్య చేతి గడియారం చూసుకుంటూ బాబాయి నెత్తిమీద నిలబడ్డారు. "ఇంకా ఎంతసేపురా? చక్రం బిగించడానికి ముహూర్తం కావాలా?" అంటున్నారు. లేకపోతే బాబాయి ఇంకోసారి పెట్రోలు గుడ్డ వేసేవాడే. నిన్న వెనక చక్రాలకి అలాగే వేశాడు. ఈసారి డ్రమ్ములు అంచు పట్టుకుని ఎత్తి, తిన్నగా ఎక్కించేశాడు. కొబ్బరినూనె వాసన రాలేదా అంటే, మా ఇంట్లో మనిషి మనిషికీ తలమీద ఆ వాసనే. తర్వాత బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. నేను సీటు అంచుకి జారి, రెండు కాళ్ళతో పెడలు తొక్కాను. "తొక్కండి... పట్టుకోండి... వదలండి" అని అతను చక్రం దగ్గరనుంచి కేకలు వేస్తుంటే, పెడలు మొదటిసారి నా కాలి కింద రాయిలా గట్టిపడింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, బోర్డు మీద పేపరు నేనే తీసేశాను.

మా వైపు నేల పళ్ళెంలా ఉంటుంది. బ్రేకులు పరీక్ష చేయడానికి పల్లం కావాలంటే కాలువ మీది వంతెన ఒక్కటే దిక్కు. అది దిగగానే ఎడమ చేతి వైపు కాలువ, కుడి చేతి వైపు టీ కొట్టు. ఊళ్ళో పనిలేని పెద్దమనుషులు అందరూ ఆ కొట్టు బల్లల మీదే ఉంటారు. తాతయ్య నడుపుతున్నారు, పక్కన బాబాయి, వెనక సీట్లో కారు యజమానిని నేను. వంతెన దిగుతూ తాతయ్య, పదిమందీ చూసేటట్టు, బ్రేకు గట్టిగా తొక్కారు.

ఎడమ చక్రం పట్టుకుంది. కుడి చక్రం నా నూనె మీద జారింది. కారు ఎడమకి తిరిగి, గట్టు దిగి, బాబాయి కూర్చున్న వైపు చక్రం కాలువ మీద గాల్లో ఉండగా గట్టున పాతిన ఒక రాయికి తట్టుకుని ఆగింది. నీళ్ళలో ఉన్న గేదెలు తల తిప్పి చూశాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తర్వాత టీ కొట్టులోంచి ఒక గొంతు, చాలా మర్యాదగా, "ఏంటండీ, కారుకి నీళ్ళు పట్టిద్దామనా?" అంది.

నవ్వారు. గ్లాసులు పక్కన పెట్టి మరీ నవ్వారు. మా తాతయ్య ఆ ఊళ్ళో డెబ్భై ఏళ్ళు బతికారు, ఆయన ఎదురుగా ఎవరూ అలా నవ్వగా నేను చూడలేదు. ఆయన కారు దిగి కండువా సర్దుకున్నారు. అప్పుడే ఆయన మొహం చూసి మిగతాదంతా ఊహించి ఉండాల్సింది. నాకు పదేళ్ళు, నేను గేదెల్ని చూస్తున్నాను.

పదిమంది పట్టి కారుని రోడ్డు మీదికి లాగారు. జాకీ వేసి, బాబాయి ముందు కుడి చక్రం ఊడదీసి, డ్రమ్ము తీశాడు. తాతయ్య వంగి లోపల వేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా వైపు చూశారు. కాస్త ఎక్కువసేపే చూశారు. బాబాయి కూడా వేలు పెట్టి వాసన చూశాడు. అతనూ నా వైపు చూశాడు. నాకు అప్పటికి అర్థమైంది.

"నూనెరా" అన్నారు తాతయ్య. "డ్రమ్ములో నూనె. పదిహేనేళ్ళు బ్రేకుల పని చేసినవాడివి కదా, ఎవరు పోశారంటావు?"

బాబాయి డ్రమ్ము కింద పెట్టి, "నాదేనండి పొరపాటు" అన్నాడు.

"గట్టిగా చెప్పరా. కొట్టులో వాళ్ళకి వినపడాలి."

"నాదేనండి పొరపాటు."

అక్కడితో ఆపేయచ్చు. తాతయ్య ఆపలేదు. కొట్టులోంచి ఒక బల్ల తెప్పించుకుని రోడ్డు పక్కన వేయించుకుని కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇప్పుడు ఇక్కడే, అందరి ముందూ మళ్ళీ బిగించు. ఏం చేస్తున్నావో ఒక్కొక్కటీ పైకి చెబుతూ చెయ్యి. ఒకటో తరగతి పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు" అన్నారు.

నలభై ఏళ్ళ మనిషి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని పాఠం అప్పజెప్పాడు. డ్రమ్ము రేవులోకి తీసుకెళ్ళి సబ్బుతో కడుగుతున్నానండి. తడి లేకుండా తుడుస్తున్నానండి. షూలు ఊడదీసి, నూనె అంటిన చోట గరుకు కాగితం పడుతున్నానండి.

"డ్రమ్ము లోపల ఇప్పుడేం చేస్తున్నావు?"

"పెట్రోలుతో తుడుస్తున్నానండి."

"ఎందుకూ?"

"నూనె ఉండకూడదండి."

"ఉంటే?"

"బ్రేకు పట్టదండి."

"ఓహో. తెలుసన్నమాట!" అన్నారు తాతయ్య. కొట్టులో నవ్వారు. ఆయన నా వైపు తిరిగి, ముద్దుగా, "విన్నావా అమ్మడూ? బాగా చెబుతున్నాడు కదూ? నువ్వేమైనా చెప్పాలా?" అని అడిగారు.

నేను తల అడ్డంగా ఊపాను.

షూలకి స్ప్రింగులు తగిలించేటప్పుడు చాలా బలంగా లాగి పట్టుకోవాలి. స్ప్రింగు జారి బాబాయి బొటనవేలు చీరేసింది. రక్తం కారింది. తాతయ్య బల్ల మీదనుంచి కదలకుండా, "డ్రమ్ములో పడనీకురా. మళ్ళీ అదొకటి" అన్నారు. ఇంకోసారి నవ్వారు. తాతయ్య మళ్ళీ నా వైపు తిరిగారు. "ఏమైనా చెప్పాలా అమ్మడూ?"

రెండోసారి చెప్పాలంటే, మొదటిసారి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. ఆ లెక్క నాకు ఆ వయసులోనే తెలిసిపోయింది. నోరు తెరిచాను. పెట్రోలు వాసనకి పెద్ద తుమ్ము వచ్చింది. తుమ్మి, నోరు మూసుకున్నాను.

డ్రమ్ము ఎక్కించాక మూడోసారి అడిగారు. అప్పటికి సంజాయిషీ నేరం కంటే పెద్దదైపోయింది. నేను చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. తాతయ్య లేచి, పంచె దులుపుకుని, ఊరందరికీ వినపడేటట్టు అన్నారు. "ఆ గది సంగతి మర్చిపోరా. గోనెసంచులు వేసుకుంటాం. అవయితే నమ్మకంగా ఉంటాయి."

'నమ్మకంగా' అన్న మాట ఆయన కావాలనే అన్నారు. బోర్డు మీద పేపరు తీసేసింది నేనే కదా, ఆయన కూడా చదివారు.

పెళ్ళికొడుకు ట్రాక్టరు మీద వెళ్ళాడు. బాగానే పెళ్ళయింది.

మర్నాడు పొద్దున్న నాయనమ్మ అరుగు మీద కూర్చుని నాకు తల దువ్వుతోంది. తాతయ్య వచ్చి నూనె సీసా ఎత్తి వెలుగులో పట్టుకుని చూశారు. "సగమైపోయిందే. జుట్టుకంటే కారుకి బాగా పట్టినట్టుంది" అన్నారు.

తెలుసన్నమాట. వేలు వాసన చూసినప్పుడే తెలుసు. "మరి బాబాయినెందుకు తిట్టారు?" అని అడిగాను. అది ఏడుపులా వచ్చింది.

"నీకు బుద్ధి రావాలని" అన్నారు. "నిన్ను ఒక్కటి పీకితే రెండు రోజుల్లో మర్చిపోతావు. ఇదయితే నేను పోయినా గుర్తుంటుంది. మూడుసార్లు అడిగాను. ఒక్కసారి చెప్పినా అక్కడే ఆపేసేవాణ్ణి."

ఆయన అన్నది నిజమే. ఆయన పోయారు, గుర్తుంది. ఒక మనిషి చేసిన దుర్మార్గం అనుకున్నట్టే ఫలిస్తే దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

"అయితే ఇప్పుడు చెబుతున్నాను, నూనె రాసింది నేనే. గది ఇచ్చేయండి" అన్నాను.

తాతయ్య సీసా కింద పెట్టారు. "పదిమందిలో అన్న మాట ఎలా వెనక్కి తీసుకుంటామమ్మా? నవ్వరూ?" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే భయపడ్డారు. నాకు పెట్టిన పరీక్షలో ఆయన కూడా తప్పారని ఆయనకి తట్టనే లేదు. నాయనమ్మ నా జడ గట్టిగా లాగి కట్టి, "ఇద్దరూ ఇద్దరే" అంది.

ఆయన మాట వెనక్కి తీసుకోకపోతే నేను తీసుకుంటాను అనుకున్నాను. నూనె సీసా గౌను కింద దాచుకుని టీ కొట్టుకి నడిచాను. బల్లల మీద నిన్నటి మనుషులే, నిన్నటి చోట్లలోనే ఉన్నారు. సీసా బల్ల మీద పెట్టి, దారిలో వల్లె వేసుకున్నది వల్లె వేసుకున్నట్టే చెప్పాను. నిన్న డ్రమ్ములో నూనె రాసింది నేనండి, బాబాయి కాదండి.

తర్వాత ఒక పెద్దమనిషి, "చూశారా, ఎంత జాలిగుండెండీ!" అన్నాడు. "ఆ పనికిమాలినవాణ్ణి వెనకేసుకు రావడానికి నేరం తన నెత్తిన వేసుకుంటోంది."

"సీసా కూడా తెచ్చిందండీ పాపం."

"తాతగారి పెంపకమండి మరి."

కాదండి, నిజంగా నేనే, స్నానం చేసి మరీ రాశాను అన్నాను. ఆ స్నానం మాట విని ఇంకా నవ్వారు. ఎంత చెబితే అంత మంచిదాన్నయిపోయాను. ఎంత మంచిదాన్నయితే బాబాయి అంత పనికిమాలినవాడైపోయాడు. కొట్టాయన నా బుగ్గ గిల్లి ఒక బన్ను ఇచ్చాడు. తిన్నాను కూడా. అన్నీ చెప్పాలి కాబట్టి అది కూడా చెబుతున్నాను.

రెండు రోజుల తర్వాత బాబాయి తన జాకీ, స్పానర్లు తీసుకెళ్ళడానికి వచ్చాడు. తాతయ్య లోపల పేపరు చదువుకుంటున్నారు. చదువుతూనే ఉన్నారు. బాబాయి బొటనవేలికి గుడ్డ కట్టుకుని ఉంది. సామానంతా సైకిలు వెనక తాడుతో కట్టుకుంటున్నాడు. కాకినాడలో లారీల షెడ్డులో పని దొరికిందని, తన ఊళ్ళో తనకి ఇంక ఎవరూ బండి ఇవ్వరని, ఎవరిగురించో చెబుతున్నట్టు చెప్పాడు. నేను సైకిలు హాండిలు పట్టుకుని, అది నేనే చేశానని చెప్పాను.

"తెలుసండి అమ్మాయిగారు. వాసన చూడగానే తెలిసిందండి" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

తాడు ముడి బిగించి, ఊపి చూసుకుని, అప్పుడన్నాడు. "మీరు చెబుతారేమోనని చూశానండి. రెండోసారి తాతగారు అడిగినప్పుడు నోరు తెరిచారు కూడానండి. చెప్పేస్తారనుకున్నాను."

అది తుమ్మని నేను అతనికి చెప్పలేదు. అన్నీ చెప్పాను గానీ, ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను. అతనికి మిగిలిందల్లా అదే అనిపించింది.

బోర్డు సైకిలు మీద పట్టలేదు. "ఉంచండి, ఎప్పుడైనా వచ్చి పట్టుకెళ్తాను" అన్నాడు. రాలేదు. మా నాయనమ్మ కోళ్ళగూటికి తలుపు లేదని దాన్ని అడ్డం పెట్టింది. రాత వైపు లోపలికి పెట్టింది. చాలా ఏళ్ళు మా కోళ్ళు ప్రతి రాత్రీ 'నమ్మకముగా' అన్నది చూస్తూ పడుకున్నాయి.

రోడ్డు మీద రక్తం కారే వేలితో బిగించిన ఆ బ్రేకులు తాతయ్య పోయేదాకా ఒక్కసారి కూడా మొరాయించలేదు. వంతెన మీద తొక్కితే కారు గీత గీసినట్టు తిన్నగా ఆగేది. ఎలా ఆగకుండా ఉంటుందండీ, తాతగారు దగ్గర కూర్చుని చేయించారు కదా అనేవారు కొట్టులో.

తాతయ్య తర్వాత కారు నాదే అన్నారు కదా. నాకు డ్రమ్ము వచ్చింది. మిగతాది పాతసామాన్ల లారీలో పోయింది, ముందు కుడి చక్రం డ్రమ్ము మాత్రం నేను విప్పించి తీసుకున్నాను. ఎనిమిది కిలోలు ఉంటుందేమో. మూడు ఇళ్ళు మారాను, మూడుసార్లూ నేనే మోశాను. ఇప్పుడు రాజమండ్రిలో మా ఫ్లాటు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. వచ్చినవాళ్ళందరూ అయ్యో తుప్పు పట్టిపోతోంది, కాస్త నూనె రాయకూడదూ అంటారు. రాయను. ఆఫీసులో ఏదైనా తప్పు బయటపడి, ఎవరిదది అని గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చిందంటే, నాదయితే ఆ క్షణంలోనే చెప్పేస్తాను. ఒకోసారి నాది కాకపోయినా చెప్పేస్తాను. నేను ధైర్యవంతురాలినని అక్కడ పేరు. ధైర్యం కాదు. మూడోసారి అడిగేదాకా ఆగితే ఏమవుతుందో తెలుసు, అంతే.

కిందటి వారం మా అన్నయ్య కూతురికి ఇదంతా చెప్పాను. దానికీ పదేళ్ళే. అంతా విని, "మరి బ్రేకుల బాబాయిది తప్పు కాదని అందరి ముందూ చెప్పావా అత్తా?" అంది. చెప్పాను కదే, టీ కొట్టులో, అన్నాను. "వాళ్ళు నమ్మలేదు కదా. నమ్మేలాగ ఎప్పుడైనా చెప్పావా?" అంది.

లేదు. అందుకే ఇది రాశాను. ఆ రోజు ముందు కుడి చక్రం డ్రమ్ములో నూనె రాసింది నేను. ఆయన పని నమ్మకమైనది. ఇది జాలిపడి చెప్పడం లేదు. ఈసారి దయచేసి ఎవరూ బన్ను ఇవ్వొద్దు.